ఎక్సెప్షన్ క్లాసు రాసే ముందు దాన్ని పట్టుకునేది ఎవరో తేల్చుకోండి

మూడు రోజులు నడిచిన సిమ్యులేషన్ ఆగిపోయి, లాగ్ ఫైల్ అడుగున "సాల్వర్ ఫెయిలైంది" అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ లేకపోతే ఎంత నీరసం వస్తుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఏ టైమ్ స్టెప్‌లో ఆగింది, రెసిడ్యువల్ (జవాబులో ఇంకా మిగిలిన తేడా) ఎంత దాకా దిగింది, మనం ఇచ్చిన ఇన్‌పుటే తప్పా, లెక్క కుదరలేదా, డిస్క్ నిండిపోయిందా, ఏదీ తెలీదు. ప్రింట్ లైన్లు పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి నడపాలి.

అయినా ఆగిపోయిన రన్ నయమే, కనీసం ఆగిందని తెలుస్తుంది. ఆగకుండా తప్పు అంకెలు రాసుకుంటూ పోయే రన్ ఉంటుంది చూడండి, దానితోనే అసలు ప్రమాదం. నాకు ఒకసారి ఇదే జరిగింది. 1,200 కేసుల పారామీటర్ స్వీప్ ఒకటి, అంటే ఇన్‌పుట్ విలువలు మారుస్తూ ఒకే లెక్కను పదే పదే నడపడం. ప్రతి కేసునూ ట్రై బ్లాకులో పెట్టి, ఏ ఎక్సెప్షన్ (తప్పు జరిగిందని పని మధ్యలో ఆపి కోడ్ విసిరే సంకేతం) వచ్చినా పట్టుకుని, ఫలితం గడిలో సున్నా రాసేసి తరవాతి కేసుకు వెళ్లిపోయేలా నేనే రాశాను, రాత్రిపూట రన్ ఆగకుండా ఉంటే చాలనుకుని. ప్లాట్ గీస్తే ఒక మూల చక్కటి లోయలా కనిపించింది. రెండు వారాల పాటు ఆ లోయ ఎందుకు వచ్చిందా అని అందరం కూర్చుని సిద్ధాంతాలు చెప్పుకున్నాం. చివరికి తీగ లాగితే తేలిందేమిటంటే, ఆ మూలలో కొన్ని కేసుల్లో మ్యాట్రిక్స్ సింగ్యులర్ (ఇన్వర్స్ లేనిది) అయింది, మిగతా వాటిలో అరుదుగా నడిచే ఒక బ్రాంచిలో నేను వేరియబుల్ పేరు తప్పు టైపు చేశాను కాబట్టి పైథాన్ నేమ్‌ఎర్రర్ విసిరింది. ఒకటి గణితంలో వచ్చిన ఇబ్బంది, ఇంకొకటి నా పొరపాటు. రెండూ ఒకే బ్లాకులో పడి ఒకే సున్నాగా బయటికొచ్చాయి.

అప్పటి నుంచి ఎక్సెప్షన్ క్లాసుల (ఒక్కో రకం ఎర్రర్‌కు మనం రాసుకునే టైపుల) గురించి నా ఆలోచన తిరగబడింది. ఎర్రర్ ఎక్కడ పుడుతుందన్నది చూసి క్లాసు రాయడం మానేశాను. దాన్ని ఎవరు పట్టుకుంటారు, పట్టుకుని ఏం చేస్తారు అన్నది ముందు రాసుకుంటాను, క్లాసులు వాటంతట అవే వస్తాయి. ఉదాహరణలు ఎక్కువగా పైథాన్‌లో చెప్తాను, సీ ప్లస్ ప్లస్‌లో తేడా ఉన్న చోట విడిగా చెప్తాను.

ఎన్ని క్లాసులు కావాలి

ఈ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చిన పాఠం ఫోర్ట్రాన్‌లో రాసిన లాప్యాక్ అనే మ్యాట్రిక్స్ లెక్కల లైబ్రరీలో ఉంది. 1992లో మొదటి వెర్షన్ వచ్చిన ఈ లైబ్రరీలో ఎక్సెప్షన్లే లేవు, దాదాపు ప్రతి రొటీనూ చివర్లో ఇన్ఫో అనే ఒక పూర్ణాంకం వెనక్కి ఇస్తుంది. సున్నా అయితే పని అయిపోయింది. మైనస్ 4 వస్తే నాలుగో ఆర్గ్యుమెంట్ చెల్లదు అని అర్థం, అంటే పిలిచినవాడి తప్పు. ప్లస్ వస్తే మీరిచ్చినవన్నీ సరిగ్గానే ఉన్నాయి, లెక్కే ముందుకు సాగలేదు అని. ఉదాహరణకు చొలెస్కీ ఫ్యాక్టరైజేషన్ రొటీన్ 7 ఇచ్చిందనుకోండి, ఏడో ఆర్డర్ లీడింగ్ మైనర్ (మొదటి ఏడు అడ్డు, నిలువు వరసల భాగం) దగ్గర మ్యాట్రిక్స్ పాజిటివ్ డెఫినిట్ కాదని తేలింది. మైనస్ వస్తే చేయాల్సింది కోడ్ దిద్దుకోవడం, మళ్లీ ప్రయత్నించి లాభం లేదు. ప్లస్ వస్తే డయాగనల్‌కు కొద్దిగా కలిపి మళ్లీ ప్రయత్నించవచ్చు, లేదా వేరే పద్ధతికి మారవచ్చు. ఒక్క గుర్తుతో రెండు వేర్వేరు స్పందనలను విడదీశారు. మన క్లాసుల చెట్టు చేయాల్సిన పని కూడా సరిగ్గా అదే.

కాబట్టి నా పరీక్ష ఇది: రెండు ఎర్రర్లకు క్యాచ్ బ్లాకులో రాసే కోడ్ ఒకటే అయితే వాటికి రెండు క్లాసులు అక్కర్లేదు, ఒకే క్లాసులో వివరం మారితే చాలు. స్పందన వేరైతే క్లాసు వేరు కావాల్సిందే. ఈ పరీక్ష పెడితే చాలా ప్యాకేజీల్లో మిగిలేది ఒక మూల క్లాసు, దాని కింద మూడు కొమ్మలు, అక్కడక్కడా ఇంకొక్క మెట్టు.

మూల క్లాసుకు మీ ప్యాకేజీ పేరు పెట్టండి, మీ లైబ్రరీ కావాలని విసిరే ప్రతిదీ దాని నుంచే పుట్టాలి. అది పైథాన్‌లో ఎక్సెప్షన్ నుంచి రావాలి, బేస్‌ఎక్సెప్షన్ నుంచి కాదు. కీబోర్డ్‌ఇంటరప్ట్, సిస్టమ్‌ఎగ్జిట్ లాంటివి బేస్‌ఎక్సెప్షన్ కింద నేరుగా ఉండేది మామూలు క్యాచ్‌లు వాటిని మింగేయకుండా ఉండాలనే. మీ ఎర్రర్లను కూడా అక్కడ పెడితే ఆ ఏర్పాటు అర్థమే పోతుంది.

కొమ్మల్లో మొదటిది ఇన్‌పుట్ తప్పులు: నెగెటివ్ సాంద్రత, యూనిట్ల తేడా, మెష్ ఫైల్లో లేని సరిహద్దు పేరు. వీటికి మళ్లీ ప్రయత్నించడం దండగ, వెంటనే ఆపి మనిషికి చెప్పాలి. రెండోది లెక్క కుదరకపోవడం: కన్వర్జ్ కాలేదు (జవాబు ఒక చోట కుదురుకోలేదు), సింగ్యులర్ అయింది, నాన్ (అంకె కాని విలువ) వచ్చింది. వీటికి టైమ్ స్టెప్ తగ్గించి మళ్లీ చూడొచ్చు. మూడోది చుట్టూ ఉన్న వ్యవస్థ సమస్యలు, అంటే డిస్క్ నిండటం, నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ జవాబివ్వకపోవడం, నోడ్ పడిపోవడం. వీటికి కాసేపాగి అదే ఇన్‌పుట్‌తో మళ్లీ నడిపితే సరిపోతుంది.

నాలుగో రకం కూడా ఉంది, కానీ దానికి క్లాసు రాయకూడదు. ప్రోగ్రామర్ పొరపాట్లు అవి, నా తప్పు టైపు లాంటివి. వాటిని పేరు పెట్టి పిలిచి పట్టుకునే అవకాశం ఎవరికీ ఇవ్వకండి, నేరుగా పైకి పోయి ట్రేస్‌బ్యాక్‌తో (ఏ లైన్ల మీదుగా వచ్చి ఆగిందో చూపే జాబితాతో) రన్ ఆగాలి. ఒక జాగ్రత్త: ఇన్‌పుట్ తనిఖీలకు అసర్ట్ (షరతు తప్పితే ఆపేసే లైన్) వాడకండి, పైథాన్‌ను ఆప్టిమైజ్ ఆప్షన్‌తో నడిపితే ఆ లైన్లన్నీ మాయమైపోతాయి.

మాడ్యూల్‌కొక ఎర్రర్ క్లాసు పెట్టే అలవాటు నాకు అస్సలు నచ్చదు. మెష్‌ఎర్రర్, సాల్వర్‌ఎర్రర్, ఐఓఎర్రర్ అని పెడితే డైరెక్టరీల పట్టికలా చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ సాల్వర్‌ఎర్రర్ వచ్చిందంటే మళ్లీ ప్రయత్నించాలా మానాలా అన్నది అది చెప్పదు. ఎక్కడ పుట్టిందో ట్రేస్‌బ్యాక్ ఎలాగూ చెప్తుంది కదా.

మీ ప్యాకేజీని ఇప్పటికే జనం వాడుతుంటే, వాళ్లు వాల్యూఎర్రర్‌నో రన్‌టైమ్‌ఎర్రర్‌నో పట్టుకునే కోడ్ రాసుకుని ఉంటారు. వాళ్ల కోడ్ విరగకుండా కొత్త క్లాసును మీ మూల క్లాసు నుంచి, ఆ పాత బిల్ట్‌ఇన్ క్లాసు నుంచి రెండిటి నుంచీ తీసుకోవచ్చు. మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్‌లర్న్‌లో నాట్‌ఫిటెడ్‌ఎర్రర్ ఇలాగే వాల్యూఎర్రర్, అట్రిబ్యూట్‌ఎర్రర్ రెండిటికీ వారసురాలు. సీ ప్లస్ ప్లస్ అయితే స్టాండర్డ్ రన్‌టైమ్ ఎర్రర్ నుంచి మొదలుపెట్టండి, పట్టుకునేటప్పుడు ఎప్పుడూ కాన్‌స్ట్ రిఫరెన్స్‌తోనే పట్టుకోండి. విలువగా పట్టుకుంటే మీరు కష్టపడి చేర్చిన ఫీల్డులన్నీ తెగిపోయి మూల క్లాసు ముక్క మాత్రమే చేతికొస్తుంది.

అంకెలను వాక్యంలో పాతిపెట్టకండి

క్లాసు పేరు కంటే దాని లోపల ఏం మోసుకొస్తుందన్నది ముఖ్యం అంటాను నేను. కన్వర్జ్ కాలేదనే ఎర్రర్ తీసుకోండి. మళ్లీ ప్రయత్నించే కోడ్‌కు ఎన్ని ఇటరేషన్లు అయ్యాయి, చివరి రెసిడ్యువల్ ఎంత, టోలరెన్స్ (మనం ఒప్పుకునే తేడా) ఎంత అన్నవి తెలియాలి. ఎందుకంటే టోలరెన్స్ 0.000001 ఉండగా రెసిడ్యువల్ 0.000003 దగ్గర ఆగితే ఇంకో యాభై ఇటరేషన్లు ఇస్తే సరిపోవచ్చు, అదే 40,000 దగ్గర ఉంటే పద్ధతే పేలిపోయింది, స్టెప్ తగ్గించాల్సిందే. ఈ నిర్ణయం తీసుకోవడానికి ఎవరూ మెసేజ్‌లోని అక్షరాలను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో కోసుకునే పరిస్థితి రాకూడదు. ప్రతి అంకెకూ ఒక అట్రిబ్యూట్ ఇవ్వండి, మెసేజ్ వాటి నుంచే తయారవ్వాలి.

మెసేజ్ ఇలా ఉంటే బాగుంటుంది: "ప్రెజర్ సాల్వర్ కన్వర్జ్ కాలేదు: 200 ఇటరేషన్లు, రెసిడ్యువల్ 0.00032, టోలరెన్స్ 0.000001, టైమ్ స్టెప్ 4812, డీటీ 0.005 సెకన్లు". ఇది చదివినవాడు కోడ్ తెరవకుండానే ఏం చేయాలో సగం తేల్చుకోగలడు. యూనిట్ ఉండాల్సిన అంకెను అది లేకుండా మెసేజ్‌లో పెట్టకండి. యూనిట్ల విషయంలో 1999లో నాసా పోగొట్టుకున్న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ సంగతి తెలిసిందే: భూమ్మీది సాఫ్ట్‌వేర్ ఒకటి థ్రస్టర్ల ఇంపల్స్‌ను పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది, తీసుకునేవాళ్లు న్యూటన్ సెకన్లు అనుకున్నారు, తేడా 4.45 రెట్లు. రెండు ప్రోగ్రాములు కలిసే చోట యూనిట్ తనిఖీ చేసి, రావాల్సింది ఏది, వచ్చింది ఏది అని రెండూ మోసుకొచ్చే ఒక ఎర్రర్ ఉండాలి. దాన్ని రాయడానికి పది లైన్లు పట్టదు.

చివరి ఇటరేట్‌ను (ఆగేసరికి చేతిలో ఉన్న జవాబును) కూడా ఎర్రర్‌లో పెట్టమని కొందరంటారు, మంచిదే, చిన్న వెక్టర్ అయితే తప్పకుండా పెట్టండి. కానీ కొన్ని గిగాబైట్ల అర్రేను ఎక్సెప్షన్‌కు తగిలిస్తే, ఆ ఎక్సెప్షన్‌ను ఎవరైనా ఒక లిస్టులో దాచుకున్నంత కాలం ఆ మెమరీ విడుదల కాదు. పైగా ట్రేస్‌బ్యాక్ కూడా ఫ్రేముల్లోని లోకల్ వేరియబుల్స్‌ను పట్టుకునే ఉంటుంది. పెద్దవాటిని డిస్క్‌లో రాసి ఫైల్ దారిని మాత్రం ఎర్రర్‌లో పెట్టండి.

ఇప్పుడు చాలామందిని గంటల తరబడి ఏడిపించే ఒక చిక్కు. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. మీ కన్వర్జెన్స్‌ఎర్రర్ ఇనిట్ మెథడ్ ఇటరేషన్లు, రెసిడ్యువల్ అని రెండు ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుంది, లోపల ఒక వాక్యం తయారుచేసి ఆ ఒక్క వాక్యాన్నే సూపర్ ఇనిట్‌కు (పై క్లాసు ఇనిట్‌కు) పంపిస్తుంది. ఒకే ప్రాసెస్‌లో అంతా బాగానే ఉంటుంది. అదే కోడ్‌ను మల్టీప్రాసెసింగ్ పూల్‌లో (పని పంచుకునే వర్కర్ ప్రాసెస్‌లలో) నడిపితే, వర్కర్‌లో వచ్చిన ఎర్రర్ పికిల్ అయి (బైట్లుగా మారి) పేరెంట్ ప్రాసెస్‌కు రావాలి. పికిల్ ఆ వస్తువును మళ్లీ కట్టేటప్పుడు ఎక్సెప్షన్‌లోని ఆర్గ్స్ అనే టపుల్‌ను తీసుకుని క్లాసును పిలుస్తుంది. ఆర్గ్స్‌లో ఉన్నది మీరు సూపర్‌కు పంపిన ఒక్క వాక్యమే, ఇనిట్‌కు కావాల్సింది రెండు. టైప్‌ఎర్రర్ వస్తుంది, అదీ పేరెంట్‌లో ఫలితాలు అందుకునే థ్రెడ్‌లో. పూల్ అక్కడే వేలాడిపోతుంది, ఎర్రరూ కనబడదు, రన్ ముందుకూ పోదు. ప్రాసెస్‌పూల్ ఎగ్జిక్యూటర్ వాడితే పూల్ మొత్తం విరిగిపోయిందని చెప్తుంది, అసలు కారణం వేరే అయినా.

పరిష్కారం తేలిక. ఇనిట్‌కు వచ్చిన రెండు ఆర్గ్యుమెంట్లనూ యథాతథంగా సూపర్ ఇనిట్‌కు పంపండి, వాక్యాన్ని ఎస్‌టీఆర్ మెథడ్‌లో తయారుచేయండి. కీవర్డ్‌గా మాత్రమే తీసుకునే ఆర్గ్యుమెంట్లు ఉంటే రెడ్యూస్ మెథడ్ కూడా రాసుకోవాలి. ఆ తరవాత ప్రతి ఎక్సెప్షన్ క్లాసునూ పికిల్ చేసి, విప్పి, ఫీల్డులు అలాగే ఉన్నాయా అని చూసే ఒక టెస్ట్ పెట్టండి, మూల క్లాసు సబ్‌క్లాసుల మీద లూప్ తిప్పితే కొత్తగా చేర్చినవి కూడా దానికి దొరుకుతాయి, ఒక్కోదానికి ఒక నమూనా వస్తువు ఇస్తే చాలు.

నాన్ చడీచప్పుడు లేకుండా వస్తుంది

1985లో వచ్చిన ఫ్లోటింగ్ పాయింట్ లెక్కల ఐఈఈఈ 754 ప్రమాణం ఐదు ఎక్సెప్షన్లను చెప్తుంది: చెల్లని ఆపరేషన్, సున్నాతో భాగహారం, ఓవర్‌ఫ్లో, అండర్‌ఫ్లో, ఇనెగ్జాక్ట్. పేరు ఎక్సెప్షనే కానీ ఇవి మన ట్రై, క్యాచ్‌లకు సంబంధించినవి కావు. మామూలుగా హార్డ్‌వేర్ ఒక ఫ్లాగ్ ఎత్తి, నానో ఇన్ఫినిటీయో ఇచ్చి ముందుకు పోతుంది. పైథాన్‌లో 1.0ని 0.0తో భాగిస్తే జీరోడివిజన్‌ఎర్రర్ వస్తుంది, అదే పని నంపై లైబ్రరీ అర్రేతో చేస్తే ఒక హెచ్చరిక, గడిలో ఇన్ఫినిటీ. అంటే కోడ్‌ను లూప్ నుంచి అర్రేలకు మార్చిన రోజున మీ ఎర్రర్ హ్యాండ్లింగ్ కూడా మారిపోయింది, మీకు చెప్పకుండా. నంపైలో ఎర్ర్‌స్టేట్ అనే కాంటెక్స్ట్ మేనేజర్‌తో ఆ భాగం వరకు ఓవర్‌ఫ్లో, చెల్లని ఆపరేషన్, సున్నా భాగహారం రైజ్ అయ్యేలా పెట్టుకోవచ్చు. అండర్‌ఫ్లోను మాత్రం వదిలేయండి, అది చాలా లెక్కల్లో మామూలే.

నాన్ గురించి ఇంకొకటి, ఇది చూసినప్పుడల్లా గుండె గుభేలుమంటుంది. ఇటరేషన్ లూప్‌ను "రెసిడ్యువల్ టోలరెన్స్ కంటే ఎక్కువ ఉన్నంత కాలం తిరుగు" అని రాస్తాం కదా. రెసిడ్యువల్ నాన్ అయిందనుకోండి. నాన్‌తో ఎక్కువా తక్కువా అని ఏం పోల్చినా జవాబు ఫాల్స్. లూప్ ఆగిపోతుంది, కింద లైన్ "కన్వర్జ్ అయింది" అని రాసుకుంటుంది. పేలిపోయిన లెక్క విజయంగా నమోదవుతుంది. అందుకే షరతును తిప్పి రాయండి: రెసిడ్యువల్ టోలరెన్స్ కంటే తక్కువో సమానమో అయితేనే విజయం, ఇంకేమైనా కాదు. లూప్‌లో రెసిడ్యువల్ ఫైనైట్ కాదని తెలిసిన వెంటనే నాన్ ఎర్రర్ విసిరేయండి. అర్రే మొత్తం తనిఖీ మాత్రం లోపలి లూపుల్లో పెట్టకండి, టైమ్ స్టెప్ చివర ఒక్కసారి చూస్తే ఖర్చు పెద్దగా ఉండదు, తప్పు ఏ స్టెప్‌లో మొదలైందో దొరుకుతుంది.

కన్వర్జ్ కాకపోతే ఎక్సెప్షన్ వేయాలా, ఫలితంలో సక్సెస్ అనే ఫీల్డు పెట్టి వదిలేయాలా అని ఎప్పుడూ వాదన నడుస్తుంది. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. సైపై లైబ్రరీలో న్యూటన్ రూట్ ఫైండర్ మామూలుగా రన్‌టైమ్‌ఎర్రర్ వేస్తుంది, మినిమైజ్ మాత్రం సక్సెస్ ఫీల్డు ఉన్న ఫలితం ఇస్తుంది. నా అభిప్రాయం: జవాబు ఒక్క అంకె లేదా ఒక్క అర్రే అయితే ఎక్సెప్షనే డీఫాల్టుగా ఉండాలి, ఎందుకంటే ఫీల్డును చూడటం మనుషులు మర్చిపోతారు, ఎక్సెప్షన్‌ను మర్చిపోవడం కుదరదు. సగం జవాబు కూడా పనికొచ్చే ఆప్టిమైజేషన్ లాంటి చోట ఫలితం వస్తువు సరే.

ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ వదిలేయాలి

లోపలి ఫంక్షన్లలో పట్టుకోకండి. అక్కడ ఏం చేయాలో ఎవరికీ తెలీదు. కింది లైబ్రరీ నుంచి లినాల్గ్‌ఎర్రర్ (నంపై మ్యాట్రిక్స్ లెక్కల ఎర్రర్) వచ్చి "సింగ్యులర్ మ్యాట్రిక్స్" అని మాత్రమే చెప్తే, ఏ స్టెప్, ఏ సెల్ అన్నది తెలిసిన మొదటి మెట్టు దగ్గర దాన్ని పట్టుకుని మీ క్లాసుగా మార్చి, రైజ్ ఫ్రమ్‌తో అసలు ఎర్రర్‌ను కూడా గొలుసులా ఉంచండి. ప్రతి మెట్టు దగ్గరా చుట్టేస్తే ఉల్లిపాయ పొరల్లా తయారవుతుంది, అసలు కారణం చూడాలంటే ట్రేస్‌బ్యాక్‌ను పేజీలు పేజీలు దిగాలి. క్లాసు మార్చకుండా ఒక వివరం చేర్చితే చాలనుకుంటే పైథాన్ 3.11 నుంచి యాడ్ నోట్ మెథడ్ ఉంది, దాన్ని వాడండి.

పట్టుకునే చోట్లు నిజానికి మూడే ఉంటాయి. టైమ్ స్టెప్ లూప్ లెక్క కుదరని ఎర్రర్లను పట్టుకుని స్టెప్ సగం చేసి మళ్లీ ప్రయత్నిస్తుంది, ఒక హద్దు దాకా మాత్రమే. హద్దు దాటితే చివరి ఎర్రర్‌ను పైకి వదలాలి. స్వీప్ లూప్ కూడా అవే ఎర్రర్లను పట్టుకుని ఆ కేసు పక్కన పెడుతుంది. మూడోది మెయిన్, అక్కడ క్లాసును బట్టి ఎగ్జిట్ కోడ్ ఇస్తాను: ఇన్‌పుట్ తప్పుకు 2, లెక్క కుదరకపోతే 3, వ్యవస్థ సమస్యకు 4. పట్టుకోని బగ్ వస్తే పైథాన్ ఎలాగూ 1తో బయటికొస్తుంది. అప్పుడు స్లర్మ్ (క్లస్టర్‌లో జాబుల క్యూ నడిపే సాఫ్ట్‌వేర్) జాబ్ స్క్రిప్ట్ 4 వస్తేనే మళ్లీ క్యూలో వేస్తుంది, మిగతావాటికి క్లస్టర్ గంటలు తగలేయదు.

ఎంపీఐ (ర్యాంకులు అనే చాలా ప్రాసెస్‌లు సందేశాలు పంపుకుంటూ పనిచేసే పద్ధతి) వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. ఒక ర్యాంక్‌లో ఎక్సెప్షన్ వచ్చి అది మాత్రమే బయటికి పోతే, మిగతా ర్యాంకులు తరవాతి ఆల్‌రెడ్యూస్ (అన్ని ర్యాంకుల విలువలూ కలిపే పిలుపు) దగ్గర దానికోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి, టైమ్ లిమిట్ అయిపోయేదాకా. ఎంపీఐ4పై మాడ్యూల్ ద్వారా స్క్రిప్ట్‌ను నడిపితే పట్టుకోని ఎక్సెప్షన్‌కు అబార్ట్ పిలుస్తుంది. మళ్లీ ప్రయత్నించాలంటే మాత్రం అన్ని ర్యాంకులూ ముందు ఒక ఫ్లాగ్‌ను పంచుకుని, ఎవరికైనా ఎర్రర్ వచ్చిందా అని తేల్చుకుని, అందరూ కలిసి ఒకే నిర్ణయం తీసుకోవాలి. ఓపెన్‌ఎంపీలో (ఒకే ప్రాసెస్‌లో పనిని థ్రెడ్లకు పంచే పద్ధతిలో) అయితే ప్యారలల్ భాగంలో విసిరిన ఎక్సెప్షన్‌ను అదే భాగంలో, అదే థ్రెడ్ పట్టుకోవాలి, బయటికి రానివ్వకూడదు.

పట్టుకున్నాక చేసే పని తప్పయితే ఎంత నష్టమో 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయోగంలో కనిపించింది. ఏరియన్ 4 నుంచి తెచ్చుకున్న కోడ్‌లో ఒక 64 బిట్ల ఫ్లోటింగ్ విలువను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే అది 32,767 దాటిపోయి ఆపరాండ్ ఎర్రర్ వచ్చింది. ఎక్సెప్షన్ వస్తే రాకెట్ దిశ, వేగం కొలిచే ఆ యూనిట్ ప్రాసెసర్‌ను ఆపేయాలని స్పెసిఫికేషన్‌లో ఉంది, ఎందుకంటే తప్పు వస్తే హార్డ్‌వేర్‌దే అయి ఉంటుంది, రెండో యూనిట్ అందుకుంటుంది అన్నది అప్పటి ఆలోచన. రెండో యూనిట్‌లోనూ అదే సాఫ్ట్‌వేర్, అదీ అలాగే ఆగింది. ఆగుతూ పంపిన డయాగ్నస్టిక్ డేటాను ప్రధాన కంప్యూటర్ ప్రయాణ సమాచారం అనుకుంది, రాకెట్ దారి తప్పి పేలిపోయింది. లెక్క తెలుస్తోందా, పైకి లేచాక అవసరమే లేని ఒక అలైన్‌మెంట్ పని అది, దాన్ని మాత్రం ఆపేసినా రాకెట్ దారిలోనే ఉండేది. ఆ ఎక్సెప్షన్‌కు ఎవరు ఎలా స్పందించాలన్నది హార్డ్‌వేర్ తప్పులను మాత్రమే మనసులో పెట్టుకుని రాశారు.

నా స్వీప్ దగ్గరికొస్తే, దాన్ని తిరగరాసినప్పుడు ఫలితాల పట్టికలో సున్నాలు తీసేసి, కుదరని కేసులకు నాన్ పెట్టి, పక్కన రెండు కాలమ్స్ చేర్చాను: ఎర్రర్ క్లాసు పేరు, చివరి రెసిడ్యువల్. క్యాచ్‌లో లెక్క కుదరని క్లాసు ఒక్కటే ఉంచాను. మొదటి రన్ పదో నిమిషంలోనే నేమ్‌ఎర్రర్‌తో ఆగింది, దిద్దాను. రెండో రన్ తెల్లారేసరికి పూర్తయింది, ప్లాట్‌లో లోయ ఉన్న చోట చిల్లులు కనిపించాయి, ప్రతి చిల్లు పక్కనా సింగ్యులర్ అని రాసి ఉంది.